పిల్లల కథకు గొంతు ఎలా పట్టాలి, చిత్తుప్రతిని ఎలా దిద్దుకోవాలి

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం వచ్చే తెలుగు కథల్లో తరచుగా కనిపించే లోపం ఒకటుంది. కథలో పిల్లలుంటారు, బడి ఉంటుంది, ఆటలుంటాయి. కానీ చెబుతున్నది నలభై ఏళ్ళ మనిషి అని రెండో వాక్యానికే తెలిసిపోతుంది. "ముద్దులొలికే చిన్నారి", "ఆ పసి మనసు తల్లడిల్లింది" లాంటి మాటలు ఏ పిల్లా తన గురించి తాను అనుకోదు. గొంతు అంటే ముద్దుముద్దు మాటలు కాదు. ఆ పిల్ల ఎక్కడ నిలబడి చూస్తోంది, ఏది గమనిస్తోంది, ఏది తెలియక పొరబడుతోంది, అదే గొంతు. మొదటి ప్రతిలో అది సగమే దొరుకుతుంది. మిగతా సగం దిద్దేటప్పుడు దొరుకుతుంది. అందుకే ఈ రెండు పనులనూ ఇక్కడ కలిపే చెబుతున్నాం.

చెప్పుకోవడానికి వీలుగా ఒక కథ అనుకుందాం. ఐదో తరగతి చదివే మల్లి, నాయనమ్మ కళ్ళజోడు మంచం మీద ఉందని చూసుకోకుండా దాని మీద కూర్చుంది. ఒక కాడ విరిగింది. పేరంటానికి వెళ్ళిన నాయనమ్మ దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చి పుస్తకం చదువుకోవడానికి కళ్ళజోడు అడుగుతుంది. ఇంతే. చిన్న విషయమే, కానీ సమస్య పిల్లదే, గడువుంది, దాచిన నిజముంది. ఐదో తరగతి కథకు ఈ మూడూ చాలు.

ముందు తరగతి తేల్చుకోండి

"పిల్లల కోసం" అని మొదలుపెడితే కథ ఎవరికీ అమరదు. రెండో తరగతికైతే 300 నుంచి 500 మాటలు, నాలుగైదు తరగతులకు 700 నుంచి 1200, ఏడెనిమిది తరగతులకు 1500 నుంచి 2500 మాటలు అనుకుని కూర్చోండి. ఇంగ్లీషులో పిల్లల రచన గురించి చెప్పే అంకెల్ని ఉన్నవున్నట్టు తెచ్చుకోవద్దు. "ఇంట్లోంచి", "చెప్పకపోయినా" లాంటివి మనకు ఒక్కొక్క మాటే. అవే ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలవుతాయి. వెయ్యి తెలుగు మాటల్లో పట్టే సరుకు ఎక్కువ, చదవడానికి పట్టే సమయమూ ఎక్కువే.

ఇంకో సంగతి. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకీ, విదేశాల్లో వారాంతపు బడుల్లో తెలుగు నేర్చుకునే పిల్లలకీ చెవికి తెలిసిన తెలుగు చాలా ఉంటుంది. కంటికి అలవాటైన తెలుగు తక్కువ. "బిక్కమొహం", "నంగనాచి", "గొణుక్కుంది" లాంటివి చాలామంది ఇంట్లో విన్నవే, కూడబలుక్కుని చదివినా పోల్చుకుంటారు. "ప్రత్యుత్తరం" అనే మాట వినలేదు, రాసినా పలకలేరు. అంటే మాటలు పేదగా ఉండనక్కర్లేదు, అక్షరాల కూర్పు తేలికగా ఉంటే చాలు. ఒకే అక్షరానికి రెండు ఒత్తులున్న మాటలు పేజీకి రెండు మూడు మించకుండా చూసుకోండి.

కథ మొదలుపెట్టకముందు పిల్లని మాట్లాడించండి

ఒక కాగితం తీసుకుని, పావుగంట ఆగకుండా, మల్లి మాట్లాడుతున్నట్టు రాయండి. కథ గురించి కాదు. నిన్న ఎందుకు తిట్లు పడ్డాయి, అన్నంలో ఏది పక్కకు తీసి పెడుతుంది, క్లాసులో ఎవరిని చూస్తే కుళ్ళు, ఈ మూడింటి గురించి. ఇది ఎవరికీ చూపించే కాగితం కాదు కాబట్టి బాగుండాలన్న దిగులు అక్కర్లేదు.

తర్వాత చదివి, మల్లి తప్ప ఇంకెవరూ అనలేని వాక్యాల కింద గీత పెట్టండి. పావుగంట రాతలో నాలుగో ఐదో దొరుకుతాయి. ఒక్కటీ దొరక్కపోతే మీకింకా ఆ పిల్ల తెలియలేదని అర్థం. వేరే మూడు ప్రశ్నలతో మళ్ళీ రాయండి. గీతలు పెట్టిన వాక్యాల నుంచి ఒక చిన్న పట్టిక తయారు చేసుకుని, కథ రాసినంతకాలం ఎదురుగా ఉంచుకోండి. అందులో ఇవి ఉండాలి: ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తుంది, ఏ ఊతపదం వాడుతుంది (ఒక్కటే, కథ మొత్తంలో మూడు నాలుగుసార్లకు మించి కాదు), దేన్ని దేంతో పోలుస్తుంది, ఏ విషయంలో అబద్ధం చెబుతుంది, ఏది తెలుసనుకుంటుంది కానీ తెలియదు.

చివరిదే అన్నిటికంటే విలువైనది. కళ్ళజోడు బాగుచేయించాలంటే కళ్ళ డాక్టరు సంతకం కావాలని మల్లి గట్టిగా నమ్ముతుందనుకోండి. ఆ ఒక్క పొరపాటు నుంచి రెండు సన్నివేశాలు పుడతాయి. పైగా చదివే పిల్లలకు "నాకు తెలుసు, మల్లికి తెలీదు" అన్న ఆనందం దక్కుతుంది.

పోలికల దగ్గర కూడా జాగ్రత్త. మల్లి ఎప్పుడూ చూడని సముద్రంతో, ఎప్పుడూ ఎక్కని ఓడతో దేన్నీ పోల్చదు. తన బడి, తన వీధి, తన టిఫిన్ డబ్బా, తన తమ్ముడు, ఇవే తన కొలబద్దలు.

చెప్పేది ఎవరు?

ఒకే సంఘటన మూడు రకాలుగా చూడండి.

"తాను చేసిన పొరపాటును గ్రహించిన మల్లి తీవ్రమైన ఆందోళనకు గురైంది. ఆమె హృదయం వేగంగా కొట్టుకోసాగింది."

"మల్లి లేవలేదు. లేస్తే నిజంగానే విరిగిందని తెలిసిపోతుంది. కాసేపు అలాగే కూర్చుంది. కింద ఏదో గుచ్చుకుంటోంది."

"నేను కావాలని కూర్చోలేదు. అసలు కళ్ళజోడు ఎవరైనా మంచం మీద పెడతారా? నాయనమ్మ పెడుతుంది. కాబట్టి సగం తప్పు నాయనమ్మదే."

మొదటిదాంట్లో పిల్ల లేదు, పిల్ల గురించిన నివేదిక ఉంది. రెండోదాంట్లో చెప్పేది రచయితే అయినా చూపు మల్లిది. మూడోది మల్లి స్వయంగా చెబుతోంది. రెండు, మూడు పద్ధతుల్లో ఏదైనా పనికొస్తుంది. "నేను" అని చెప్పించడం నవ్వు పుట్టించడానికీ, తప్పు దాచడానికీ బాగా కుదురుతుంది, కానీ మల్లి లేని చోట జరిగేది ఏదీ చూపించలేరు. తేల్చుకోలేకపోతే మొదటి 200 మాటలు రెండు రకాలుగానూ రాసి, ఏది ఆగకుండా ముందుకు సాగిందో చూడండి. ఆగకుండా సాగిందే మీది.

"మల్లి" అని చెబుతున్నప్పుడు సర్వనామం దగ్గర చిక్కొస్తుంది. పదేళ్ళ పిల్లను "ఆమె" అంటే దూరం పెరుగుతుంది. "అది" అంటే ఇంట్లో ముద్దే కానీ అచ్చులో కొందరికి గుచ్చుకుంటుంది. అసలు సర్వనామం లేకుండానే తెలుగు వాక్యం నడుస్తుంది: "చెప్పులు వెతికింది. దొరకలేదు. అలాగే పరుగెత్తింది." అవసరమైన చోట పేరే వాడండి. మగపిల్లాడైతే "వాడు" హాయిగా ఇముడుతుంది. "అతడు" అన్నారంటే మీసాలొచ్చినట్టే.

రచయిత పిల్లలకు ఏమవుతారన్నది కూడా గొంతులో భాగమే. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. తాతయ్య, మాస్టారు కాలేదు. చెప్పేవాళ్ళు అన్నయ్యో అక్కయ్యో అయితే మందలింపు తగ్గి, సంగతి చెప్పాలన్న ఉబలాటం పెరుగుతుంది. అలాగే 1947 జులైలో మొదలైన చందమామ నడక మన చెవుల్లో బాగా నిలిచిపోయింది: స్థిమితంగా, కాస్త దూరం నుంచి, అందరినీ సమానంగా చూస్తూ చెప్పడం. రాజులూ బేతాళుల కథలకు అది గొప్ప నడక. ఐదో తరగతి పిల్ల కళ్ళజోడు గొడవకు మాత్రం అంత దూరం పనికిరాదు. అలవాటుకొద్దీ ఆ నడకలోకి జారుతున్నారేమో గమనించుకోండి.

మొదటి ప్రతి

రెండు మూడు విడతల్లో, వెనక్కి చూడకుండా రాసేయండి. మాట తట్టని చోట గుణకారం గుర్తు పెట్టి ముందుకు పోండి. మొదటి పేరా తిరగరాయకండి, ఎలాగూ అది మిగలదు. పూర్తయ్యాక కనీసం పది రోజులు పక్కన పెట్టండి. వాక్యాలు మనసులో తాజాగా ఉన్నంతకాలం కన్ను కాగితం మీద ఉన్నదాన్ని కాక, మీరు రాయాలనుకున్నదాన్ని చదువుతుంది.

ఆ తర్వాత ప్రింట్ తీయండి. అక్షరం 14 పాయింట్లు, వరసల మధ్య రెట్టింపు ఖాళీ, కుడివైపు రెండంగుళాల మార్జిన్. ఫోన్ తెర మీద ఒకసారికి ఐదారు వాక్యాలే కనిపిస్తాయి కాబట్టి కథ ఎక్కడ సాగతీతగా ఉందో తెలియదు.

దిద్దుబాటు: ఒక్కో విడతలో ఒక్కటే

పెద్ద వాటి నుంచి చిన్న వాటికి రండి. ముందే వాక్యాలు నునుపు చేసుకుంటే, తర్వాత ఆ సన్నివేశం అనవసరమని తెలిసినా తీసేయడానికి చెయ్యి రాదు.

మొదటి విడతలో పెన్ను పట్టుకోవద్దు. ఒకే ఊపున చదివి, కాగితాలు బోర్లించి, కథను ఆరు వాక్యాల్లో రాయండి. ఆ ఆరింటిలోకి రాని సన్నివేశాన్ని అనుమానించండి. ప్రతి సన్నివేశానికీ మొదట్లో మల్లికి ఏం కావాలి, ఏది అడ్డొచ్చింది, చివరికి ఏం మారింది అని అడగండి. మల్లి తన స్నేహితురాలికి సంగతంతా చెప్పి ఏడ్చే సన్నివేశం ఉందనుకుందాం. స్నేహితురాలు ఊరికే ఓదారిస్తే అది తీసేయొచ్చు. ఇరవై రూపాయలు అప్పిచ్చి, బదులుగా వారం రోజులు కిటికీ పక్క సీటు అడిగితే అది ఉండాలి.

చిక్కును విప్పింది ఎవరో ఇక్కడే చూసుకోవాలి. తొలి ప్రతుల్లో చాలాసార్లు ఒక మంచి దుకాణదారో, టీచరో వచ్చి గట్టెక్కిస్తారు. పెద్దవాళ్ళు డబ్బివ్వొచ్చు, వస్తువివ్వొచ్చు, తిట్టొచ్చు. నిర్ణయం మాత్రం పిల్లదే కావాలి. మల్లి తనే ఫెవిక్విక్ పెట్టి అతికించి, కాడ తలకిందులుగా అతుక్కుపోతే కథ ఇంకా ముందుకు పోతుంది. దుకాణదారు జాలిపడి ఉచితంగా బాగుచేసి ఇస్తే అక్కడితో ఆగిపోతుంది.

రెండో విడత మొదటి పేజీకి. మొదటి వంద మాటల్లో పిల్ల కనబడాలి, చిక్కు కనీసం తొంగి చూడాలి. ఊరి వర్ణన, సూర్యోదయం, కుటుంబ పరిచయం ఉన్న పేరాలు మీరు కథలోకి దిగడానికి వేసుకున్న మెట్లు. వాటిని కొట్టేసి, మూడో పేరా నుంచి చదివి చూడండి. చాలాసార్లు కథ అక్కడే మొదలవుతుంది.

మూడో విడతకు ఎక్కువ సమయం ఇవ్వండి, గొంతు నిలబడేది ఇక్కడే. రంగు పెన్సిల్ తీసుకుని, మల్లి చూడలేనిదీ, అనుకోలేనిదీ చెప్పే ప్రతి వాక్యం కింద గీయండి. "మల్లి అమాయకంగా చూసింది" అన్నది బయటి నుంచి ఎవరో చూసిన మాట. "నాయనమ్మ కష్టజీవి, జీవితంలో ఎన్నో ఒడిదొడుకులు చూసింది" పెద్దవాళ్ళు చెప్పుకునే మాట. మల్లికి తెలిసింది నాయనమ్మ చెయ్యి గరుగ్గా ఉంటుందని, జడ వేస్తే నెత్తి మంట పుడుతుందని. అదే రాయండి.

"చాలా బాధపడింది", "సంతోషంతో గంతులు వేసింది", "సిగ్గుతో తల దించుకుంది" అన్నవి కూడా గీత పడాల్సినవే. బాధ పేరు చెప్పకుండా, ఆ బాధలో ఉన్న పిల్ల ఏం చేస్తుందో చెప్పండి. తప్పు దాచిన పిల్ల మామూలుకంటే బుద్ధిగా ఉంటుంది. అడక్కుండానే నీళ్ళు తెచ్చిస్తుంది, తమ్ముడితో పోట్లాడదు, అన్నంలో వంకాయ ముక్క కూడా తినేస్తుంది. చదివే పిల్లలకు ఆ లక్షణాలు బాగా తెలుసు, పేరు చెప్పక్కర్లేదు.

ఇదే విడతలో కాలం కూడా సరిచూడండి. రాసేవాళ్ళు తమ చిన్నతనాన్ని తెచ్చి ఈనాటి పిల్లకు తొడుగుతుంటారు. కథ ఇప్పటిదైతే మల్లి బడికి ఆటోలో వెళ్తుంది, అమ్మ వాట్సాప్‌లో హోంవర్క్ చూస్తుంది, విరిగిన వస్తువు ఎలా అతికించాలో యూట్యూబ్‌లో వెతుకుతుంది. 1980ల నాటి కథ రాయాలనుంటే నిక్షేపంగా రాయండి, కానీ మొదటి పేజీలోనే ఆ కాలం తెలియాలి. ఏ కాలమో తెలియని పల్లెటూరు ఉత్త జ్ఞాపకం. అందులో చదివే పిల్లకు నిలబడే చోటుండదు.

నాలుగో విడత సంభాషణలకు. పైకి చదవండి, గొంతు మార్చి చదవండి. పేర్లు చేత్తో మూసి, ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తోందా చూడండి. మల్లీ తమ్ముడూ ఒకేలా మాట్లాడుతుంటే ఒకరి వాక్యాలు పొట్టిగా తెంచండి. ఐదేళ్ళ తమ్ముడు ప్రశ్నలు వేస్తాడు, చెప్పిందే మళ్ళీ చెబుతాడు, రహస్యం మోయలేడు.

యాస విషయంలో ఒకే చోట నిలబడండి. "వచ్చాడు", "వచ్చిండు", "వచ్చినాడు", మూడూ మంచి తెలుగే. మీ పిల్ల ఏ ఊరిదో ఆ ఊరి రూపమే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉండాలి. కథనం కూడా ఆ యాసలోనే నడపొచ్చు, లేదా మాటలు యాసలోనూ కథనం మామూలు రాత భాషలోనూ ఉంచొచ్చు. ఇంట్లో పిలుపులు కూడా ఊరితో పాటు మారతాయి. తెలంగాణ ఊళ్ళో నాన్న "బాపు" కావచ్చు, రాయలసీమలో నాయనమ్మ "జేజి" కావచ్చు. చెయ్యకూడని పని ఒకటుంది. ఇంట్లోవాళ్ళందరికీ పత్రికల భాష పెట్టి, కూరగాయలమ్మే మనిషికీ పనమ్మాయికీ మాత్రమే యాస పెట్టడం. యాస ఉంటే తక్కువవాళ్ళన్న మాట పిల్లల చెవిలో ఊదినట్టవుతుంది. ఇలాంటిది కనబడితే దయచేసి దిద్దండి.

"అని అన్నాడు" బదులు "అన్నాడు" చాలు. "అని ఆశ్చర్యంగా ప్రశ్నించింది" బదులు "అడిగింది" చాలు, ఆశ్చర్యం ఆ మాటలోనే ఉండాలి. ఇద్దరే మాట్లాడుతుంటే ప్రతి మాటకీ "అన్నాడు, అంది" పెట్టకండి, నాలుగింటికొకటి సరిపోతుంది.

ఐదో విడతలో వాక్యాలు చూడండి. "చేయబడింది", "కలిగి ఉంది", "యొక్క" కనిపిస్తే ఆ వాక్యాన్ని తిరగరాయండి. "ఒక రోజు ఒక పిల్ల ఒక కళ్ళజోడు" అన్నట్టు "ఒక" మళ్ళీ మళ్ళీ వస్తే, మొదటిది ఉంచి మిగతావి తీసేయండి. "లేచి, తలుపేసి, చెప్పులేసుకుని పరుగెత్తింది" లాంటి గొలుసు తెలుగుకు సహజమైన అందం, పిల్లలు పైకి చదవడానికి ఇష్టపడతారు. మూడు నాలుగు పనుల దాకా బాగుంటుంది. ఆరు దాటితే, క్రియ దగ్గరికి వచ్చేసరికి మొదటి పని మరిచిపోతారు. గబగబా, టపటపా, బితుకుబితుకుమంటూ లాంటి మాటలు పేజీకి రెండు మూడు ఉంటే మెరుస్తాయి. ప్రతి వరసలో ఉంటే ఏదీ వినబడదు.

ముగింపుకు వేరే విడత పెట్టుకోవడం మంచిది. చివరి పేరా మీద చెయ్యి పెట్టి మూసి, దాని ముందు వాక్యంతో కథ ఆగితే ఎలా ఉంటుందో చూడండి. "ఆ రోజు నుంచి మల్లి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు" అన్న వాక్యం తప్పకుండా తీసేయాల్సిందే. మొదటిది, అది నిజం కాదని చదివే పిల్లకు తెలుసు. రెండోది, అంతవరకూ స్నేహంగా నడిచిన గొంతు ఒక్కసారిగా బెత్తం పట్టుకుంటుంది. నాయనమ్మ తలకిందులు కాడతోనే కళ్ళజోడు పెట్టుకుని చదవబోతే, మల్లి "అది నేనే" అనేస్తే, చెప్పాల్సింది అక్కడికి అయిపోయింది.

పిల్లలకు వినిపించే పద్ధతి

మీ పిల్లలు కాకుండా నలుగురైదుగురు కావాలి, మీరనుకున్న తరగతి వాళ్ళే. కథ మీరు చదవొద్దు. మీరు చదివితే కాగితం మీద లేని గొంతు మీ నోట్లోంచి వస్తుంది. ఇంకొకరితో చదివించి, మీరు పక్కన ప్రతితో కూర్చుని, పిల్లలు అటూ ఇటూ చూసిన చోట చుక్క, నవ్విన చోట టిక్కు పెట్టుకోండి. ఇద్దరికంటే ఎక్కువమంది ఒకేచోట కదిలితే అక్కడ సాగతీత ఉంది.

"బాగుందా?" అని అడగొద్దు. మర్యాదకు బాగుందనే అంటారు. "మధ్యలో ఆపినప్పుడు తర్వాత ఏమవుతుందనుకున్నావు?", "మల్లి మీద ఎక్కడ కోపమొచ్చింది?" అని అడగండి. అన్నిటికంటే మంచిది, వినని పిల్లకి విన్న పిల్లచేత కథ చెప్పించడం. ఏది వదిలేశారో, ఏ మాట మీది ఉన్నదున్నట్టు వాడారో గుర్తుపెట్టుకోండి. వాడిన మాట ఆ కథ గొంతు. దాన్ని ఎవరు దిద్దమన్నా ముట్టుకోవద్దు. చివరగా ఒక పేజీని ఒక పిల్లచేత పైకి చదివించండి. తడబడిన చోట తప్పు పిల్లది కాదు, అక్కడ మాటో వాక్యమో మార్చాలి.

పంపేముందు

"కళ్ళు, కళ్లు" లాంటి వాటిలో ఒక రూపం ఎంచుకుని, వెతికి అంతటా అదే పెట్టండి. "క్లాస్‌లో" అని టైపు చేసేటప్పుడు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) పడకపోతే "క్లాస్లో" అని ఒత్తుగా మారి పిల్లలు తడబడతారు. ఇంగ్లీషు మాటలకు విభక్తి చేర్చిన ప్రతి చోటా ఇది చూసుకోండి. పత్రికవాళ్ళు యూనికోడ్ (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనిపించే మామూలు టైపు) అడుగుతారో, అను ఫాంట్ (అచ్చు పేజీలకు వాడే వేరే పద్ధతి టైపు) అడుగుతారో ముందే తెలుసుకోండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఒత్తులూ కొమ్ములూ చెదరొచ్చు కాబట్టి మార్చాక మొత్తం ఇంకోసారి చదవాలి.

ఎన్ని ప్రతులు రాయాలన్నదానికి లెక్క లేదు. ఈ వారం మార్చిన మాటను వచ్చే వారం మళ్ళీ పాత మాటకే తిప్పుతున్నారంటే దిద్దడం అయిపోయినట్టే. ఆ ప్రతికి తేదీ వేసి పంపేయండి.